సాన్ స్టార్మ్‌లో లైట్లు వేస్తే టెంపరేచర్ ముల్లు లేస్తా ఉంది, అమ్మేయమంటారా అన్నా?

ప్రశ్న: అన్నా, మాది కావలి. మెడికల్ ఏజెన్సీ చూసుకుంటా ఉంటా. చిన్నప్పట్నుంచి రెండు సీట్ల కారంటే పిచ్చి, మొన్న ఎండాకాలంలో చెన్నైలో ఒకాయన దగ్గర 2002 మోడల్ సాన్ స్టార్మ్ కొనుక్కొచ్చా. నడపడానికి సూపరుగా ఉంది, కానీ దీంట్లో ఏ బీప్ రాదు, డాష్‌బోర్డులో స్పీడు, పెట్రోలు, టెంపరేచర్ ముళ్ళు, నాలుగైదు లైట్లు, అంతే. పోయిన వారం ఒంగోలు నుంచి వస్తా సింగరాయకొండ దాటాక చీకటి పడితే హెడ్‌లైట్లు వేశా, టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. భయమేసి పక్కన ఆపి బానెట్ తీస్తే పొగ లేదు, ఏం లేదు. లైట్లు ఆపంగానే ముల్లు దిగింది. ఇక్కడ ఒక మేస్త్రి రేడియేటర్ మార్చాలంటాడు, ఇంకొకాయన సెన్సర్ అంటాడు. మా ఆవిడది కొత్త కారు, అది ప్రతిదానికీ టింగుమంటది, "నీ కారు ఏమీ చెప్పదు, నేనెక్కను" అంటా ఉంది. నాయన అమ్మేయమంటాడు. ఫ్రెండేమో కెమెరాలు, సెన్సర్లు, ఏబీఎస్ అన్నీ బిగిద్దాం రా అంటాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: తమ్ముడూ, రేడియేటర్‌కి అడ్వాన్సు ఇచ్చుంటే ముందు ఫోన్ చేసి ఆపించు. నువ్వు రాసినదాంట్లోనే జవాబుంది, లైట్లు వేస్తే ముల్లు లేచింది, ఆపితే దిగింది. ఇంజన్ నిజంగా కాగితే దానికి లైట్ల స్విచ్‌తో ఏం పని, నువ్వు లైట్లు ఆపినా నీళ్ళు చల్లబడడానికి టైం పడతది కదా, ముల్లు నిదానంగా దిగతది గానీ స్విచ్ తిప్పంగానే దిగదు. ఇది వేడి కాదు, ఎర్తు, అంటే కరెంటు తిరిగి బ్యాటరీ మైనస్‌కి పోయే దోవ సరిగ్గా లేకపోవడం. ఆ రాత్రి పెట్రోలు ముల్లు కూడా రవ్వంత కదిలిందేమో గుర్తు తెచ్చుకో, గుర్తు లేకపోతే ఇయ్యాల చీకటి పడ్డాక ఇంటి ముందే బండి స్టార్ట్ చేసి, లైట్లు వేసి, బ్రేకు తొక్కి, వైపర్ వేసి చూడు. రెండు ముళ్ళూ కలిసి ఊగితే ఇంక అనుమానమే లేదు. టెంపరేచర్ ముల్లు ఒక్కటే ఊగితే ఇంజన్ మీదున్న సెన్సర్ నుంచి డాష్‌కి వచ్చే వైరు ఎక్కడన్నా ఒరుసుకుపోయిందేమో చూడాలి, అయినా అది కూడా రేడియేటర్ కాదు.

సాన్ స్టార్మ్‌కి ఈ జబ్బు రావడంలో వింతేం లేదు. గోవాలో తయారైన బండి, బాడీ ఫైబర్, లోపల రెనో వాళ్ళ 1149 సీసీ ఇంజన్. మామూలు రేకు బండిలో అయితే బ్యాటరీ మైనస్‌ని బాడీకి కలిపేస్తారు, ఇంక ఏ లైటుకి ఎర్తు కావాలన్నా పక్కనే ఉన్న రేకుకి ఒక స్క్రూ వేస్తే సరిపోతది. ఫైబర్‌లో కరెంటు పారదు. అందుకని ప్రతి లైటుకీ ప్రతి మీటరుకీ మైనస్ వైరు వేరేగా లాక్కొచ్చి ఇనుము దొరికే చోట బోల్టు వేసి కలపాల్సిందే. ఇరవై ఏళ్ళు దాటింది, అందులో సగం చెన్నై సముద్రపు గాలి, ఇప్పుడు మన గాలి, ఆ బోల్టు కింద తుప్పు, ఉప్పు పేరుకుని పాచి కట్టినట్టు ఉంటది. హెడ్‌లైట్లు లాగే కరెంటు చిన్నదేం కాదు, అది తిరిగి బ్యాటరీకి పోవడానికి సరైన దోవ దొరక్క మీటర్ల వైర్లలోకి దూరతది, దాంతో ముల్లు అబద్ధం చెప్తది. నీ హెడ్‌లైట్లు కూడా బో మబ్బుగా ఉండాయని నాకు అనుమానం, అది కూడా ఇదే కారణం.

మంచి ఎలక్ట్రీషియన్‌ని పట్టుకో, మెకానిక్‌ని కాదు, వైరింగ్ తెలిసినోడిని. మల్టీమీటర్ ఒక కాలు బ్యాటరీ మైనస్ మీద, ఇంకో కాలు డాష్ వెనకున్న ఎర్తు వైరు మీద పెట్టి హెడ్‌లైట్లు వేయమను. 0.2 వోల్టు లోపల చూపిస్తే ఎర్తు బాగున్నట్టు, అర వోల్టు దాటితే దొంగ దొరికినట్టే. అట్టాగే బ్యాటరీ మైనస్ నుంచి ఇంజన్‌కి, ఇంజన్ నుంచి ఛాసిస్‌కి పోయే లావు జడ వైర్లు కూడా చూడాలి. బోల్టులన్నీ ఊడదీసి ఎమెరీ పేపరుతో మెరిసేదాకా రుద్ది, వైరు చివర కొత్త లగ్గులు (బోల్టుకి తగిలించే రింగులు) వేసి, బిగించాక పైన గ్రీజు పూయాలి. హెడ్‌లైట్లకి రిలే (స్విచ్ బదులు పెద్ద కరెంటుని తానే కలిపే చిన్న డబ్బా) లేకపోతే ఇదే చేత్తో రిలేలు వేయించు, స్విచ్ మీద భారం తగ్గతది, వెలుతురు కూడా పెరుగుద్ది. ఒక పూట పని. రేడియేటర్ ఖర్చుతో పోలిస్తే ఇదొక ఖర్చే కాదు.

ఇదయ్యాకే మిగతా మాట. పాత బండిలో హెచ్చరికలు తక్కువనేది నిజమే, కానీ నువ్వూ మీ ఆవిడా అనుకుంటున్నంత పెద్ద లోపం అది కాదు, ఉన్న ఆ నాలుగూ నిజం చెప్తా ఉండాయా, చెప్తే ఎంత ఆలస్యంగా చెప్తాయి, అసలు ఏ సంగతి ఎప్పటికీ చెప్పవు అనేది తెలియకపోవడం పెద్ద లోపం. ముందు తాళం ఒక గాటు తిప్పి, స్టార్ట్ చేయకుండా డాష్ చూడు. ఆయిల్ లైటు, బ్యాటరీ లైటు రెండూ వెలగాలి, హ్యాండ్‌బ్రేకు లాగితే దాని లైటూ వెలగాలి. వెలగని లైటంటే బల్బు పోయినట్టు, లేదా అమ్మేవాడు పీకేసినట్టు, ఈ రెండోది మన దేశంలో చాలా మామూలు. ఎప్పుడూ వెలగని లైటుని చూసి అంతా బాగుందనుకుని తిరిగేవాళ్ళు ఎంతమందో.

ఆయిల్ లైటు సంగతి బాగా అర్థం చేసుకోవాలి ఎందుకంటే దీని దగ్గరే ఇంజన్లు పోతాయి. అది ఆయిల్ ఎంతుందో చెప్పే లైటు కాదు, ప్రెషర్ లైటు, అది కూడా ప్రెషర్ దాదాపు అర బార్‌కి పడిపోయినాక వెలిగేది. హైవే మీద నాలుగు వేల ఆర్‌పీఎమ్‌లో తిరిగే ఇంజన్‌కి అంతకి ఎన్నో రెట్లు కావాలి. అంటే అది వెలిగే టైంకి లోపల బేరింగులు ఆయిల్ లేకుండా అరుగుతానే ఉంటాయి, ఇల్లు కాలినాక వచ్చే ఫైరింజను అన్నమాట. అది వెలిగితే తర్వాత వచ్చే బంకు దాకా పోదాం అనేది లేదు, క్లచ్ తొక్కి ఇంజన్ ఆపి పక్కకి దొర్లించుకోవడమే. గట్టిగా మలుపు తిప్పినప్పుడో, బ్రేకు తొక్కినప్పుడో ఒక్క క్షణం మెరిసి ఆరిపోయిందంటే ఆయిల్ లెవెల్ తగ్గి, అది ఒక పక్కకి పోయినప్పుడు పంపు గాలి పీలుస్తా ఉందని. పాత ఇంజన్ ఆయిల్ తాగుద్ది, కాబట్టి బండి తీసే రోజు పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు, సమంగా ఉన్న నేల మీద ఆయిల్ పుల్ల (డిప్‌స్టిక్) తీసి చూడు. కొత్త కారున్న వాళ్ళలో ఆ పుల్ల ఎక్కడుందో కూడా తెలియనోళ్ళు సగం మంది ఉంటారు, నువ్వు వాళ్ళలో ఉండకూడదు.

టెంపరేచర్ ముల్లు ఎర్తు బాగుపడ్డాక నిజమే చెప్తది, కానీ సెన్సర్ నీళ్ళల్లో మునిగి ఉన్నంతవరకే. హోస్ పగిలి నీళ్ళన్నీ కారిపోతే సెన్సర్ ఉత్త ఆవిరిలో వేలాడతా ఉంటది, అప్పుడు ముల్లు పైకి పోవాల్సింది పోయి మామూలుగానే ఉండొచ్చు, ఒక్కోసారి కిందకి కూడా జారుద్ది. జనం అది చూసి హమ్మయ్య చల్లబడింది అనుకుంటారు, ఇంకో పది నిమిషాల్లో ఇంజన్ హెడ్ వంకర పోతది. కాబట్టి ముల్లు ఎంత పైన ఉందని కాదు, రోజూ ఉండే చోటు నుంచి కదిలిందా అని చూడు. కదిలితే, పైకైనా కిందకైనా, ఆగు. హీటర్ ఉన్న బండైతే ఒక చిట్కా, హీటర్ ఫుల్లు వేడిలో పెట్టు, చల్లగాలి వస్తా ఉంటే లోపల నీళ్ళు తిరగడం లేదని అర్థం. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తీయొద్దు, ఆ మూత ప్రెషర్ పట్టి ఉంచబట్టే నీళ్ళు వందకి మరగకుండా ఆగుతాయి, మూత తిప్పంగానే ఒక్కసారిగా మరిగి మొహాన కొడతాయి.

ఇంకో మాట, ఆ బండిలో బోరు నీళ్ళు పోయకు. ఇటు సముద్రం పక్క ఊళ్ళల్లో మన బోరు నీళ్ళ సంగతి తెలిసిందే, బకెట్‌లో తెల్లగా పేరుకునేది రేడియేటర్ గొట్టాల్లో కూడా పేరుకుంటది. డిస్టిల్డ్ వాటర్ సగం, కూలెంట్ సగం. కూలెంట్ అనేది చలిదేశాలోళ్ళకి, మనకెందుకు అనే మేస్త్రులు ఉండారు, వినొద్దు, అది తుప్పు పట్టనివ్వదు, మరిగే వేడిని కూడా పెంచుద్ది, ఆ రెండూ మనకే ఎక్కువ కావాలి.

బ్యాటరీ లైటు గురించి పెద్దగా చెప్పేది లేదు, సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చే చిన్న వోల్టుమీటరు దొరుకుద్ది, కొనుక్కో. ఇంజన్ ఆపి ఉంటే 12.6 దగ్గర, నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. లైట్లు మర్చిపోయి దిగితే చెప్పే బజర్ నీ బండిలో లేకపోతే డోర్ స్విచ్‌కీ పార్కింగ్ లైటుకీ మధ్య ఒక బజర్ కట్టమంటే అదే ఎలక్ట్రీషియన్ పది నిమిషాల్లో కడతాడు.

ఇప్పుడు అసలు లైటే లేనివి. టైమింగ్ బెల్టు, ఇంజన్ లోపల వాల్వుల్ని పిస్టన్లతో లెక్క తప్పకుండా తిప్పేది. ఈ ఇంజన్‌కి ఉండేది రబ్బరు బెల్టే, తెగే ముందు ఏ లైటూ వెలగదు, చాలాసార్లు చప్పుడు కూడా రాదు. అమ్మినాయన తక్కువ తిరిగింది సార్ అని ఉంటాడు, తక్కువ తిరిగిన బండిలోనూ రబ్బరు వయసుతో ఎండి చీలుద్ది. ఎప్పుడు మార్చారో బిల్లు చూపించకపోతే మార్చనట్టే లెక్క, దాన్ని బిగువుగా పట్టే టెన్షనర్, వాటర్ పంపుతో సహా ముందు మార్చెయ్యి. తర్వాత పెట్రోలు పైపులు. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, 2002లో ఆ రబ్బరు పైపులు చేసినోళ్ళు ఇది ఊహించి చేయలేదు. అవి మెత్తబడి, చీలి, కారడం మొదలుపెడితే నీకు తెలిసేది ముక్కుతోనే. ట్యాంకు నుంచి ఇంజన్ దాకా అన్నీ ఇథనాల్‌కి తట్టుకునే రకం పైపులు, కొత్త క్లిప్పులు వేయించు. షెడ్డులో బండి దగ్గరకి పోంగానే పెట్రోలు వాసనొస్తే ఆ రోజు స్టార్ట్ చేయొద్దు. సీటు కింద కేజీ డ్రై పౌడర్ మంటార్పేది ఒకటి పెట్టుకో, రేకు అంటుకోదు గానీ ఫైబర్ అంటుకుంటే గబగబా కాలుద్ది.

బ్రేకు ఆయిల్ కూడా ఇంతే. అది గాల్లో తేమ పీలుస్తది, మన తీరంలో తేమకి కొదవేముంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 155కే మరగొచ్చు. మరిగితే పైపులో బుడగలు, పెడల్ మెత్తగా నేలకి పోతది. శ్రీశైలం నుంచి దోర్నాల వైపు ఘాట్ దిగేటప్పుడు తెలుస్తది ఆ సంగతి, అది తెలుసుకోడానికి చాలా చెడ్డ చోటు. డాష్‌లో బ్రేకు లైటు వెలిగేది బ్రేకు ఆయిల్ లెవెల్ తగ్గితే గానీ ఆయిల్ పాడైతే కాదు. రెండేళ్ళకోసారి మొత్తం మార్పించు, నువ్వు కొన్నాక మార్చకపోతే ఈ నెల్లోనే.

టైర్లు చూశావా? ఇట్టాంటి బండ్లు షెడ్డుల్లో పడుంటాయి కాబట్టి గాట్లు కొత్తవాటిలా నల్లగా మెరుస్తా ఉంటాయి, జనం మోసపోయేది అక్కడే. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారంలో గీత గీసి దాంట్లో నాలుగంకెలు ఉంటాయి, 2314 అనుంటే 2014లో 23వ వారంలో చేసిన టైరని. పదేళ్ళు దాటిన టైరు ఎంత అందంగా ఉన్నా తీసి పారేయాలి, ఆరేడేళ్ళు దాటితే పక్కల్లో పగుళ్ళు ఉండాయేమో దగ్గరగా చూడాలి. ఎండాకాలం మధ్యాహ్నం మన హైవే మీద టైరు పగిలితే ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు, ఆ రోడ్డు మీద పడుండే ముక్కలు నువ్వూ చూస్తానే ఉంటావు.

నీ ఫ్రెండు చెప్పినవాటిలో ఒకటి మాత్రం నేనూ ఒప్పుకుంటా, టైరు గాలి మీటరు. వాల్వు మూత లాగా బిగించేవి దొరుకుతాయి, డాష్ మీద చిన్న డబ్బా, దేన్నీ కోయక్కర్లేదు. దాంతోపాటు నేను వేయమనేది అసలైన ఆయిల్ ప్రెషర్ మీటరు ఒకటి, ఇంకోటి ఇంజన్ హెడ్ లోహానికి బిగించే వేడి అలారం, అది నీళ్ళ వేడి కాదు లోహం వేడి చూస్తది కాబట్టి నీళ్ళు పోయినా కూస్తది. అంతే, ఈ మూడు చాలు. కెమెరాలు, అద్దానికి అంటించే స్క్రీన్లు, పక్కనెవరన్నా వస్తే ఎర్ర లైటు వేసే డబ్బాలు, వీటన్నిటికీ వైర్లు ఎక్కడినుంచి లాగుతారనుకున్నావ్, ఇప్పుడే ఎర్తు లేక ఏడుస్తా ఉన్న ఆ పాత వైరింగ్ నుంచే. ఇంకో ఆర్నెల్లకి కొత్త దెయ్యం పడతది, అప్పుడు ఏ వైరు దేనిదో ఎవడికీ తెలియదు. పైగా దొంగ బీపులు వచ్చే డబ్బా కన్నా ఏమీ లేని డాషే నయం, నాలుగుసార్లు ఉత్తుత్తిగా కూసిందంటే ఐదోసారి నిజంగా కూసినా పట్టించుకోం.

ఏబీఎస్ బిగిస్తామనేవాడి దగ్గరికి మాత్రం అసలు పోవద్దు. ఏబీఎస్ అంటే బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది, ప్రతి చక్రానికీ సెన్సరు, ఒక కంప్యూటర్, సెకనుకి ఎన్నోసార్లు ప్రెషర్ వదిలి పట్టే వాల్వులు, పంపు, ఇదంతా కంపెనీలో ఆ బండి బరువుకి సరిపెట్టి చేసేది. బ్రేకు పైపు మధ్యలో ఒక చిన్న డబ్బా బిగించి ఏబీఎస్ అని అమ్మేవాళ్ళున్నారు, అది ఏబీఎస్ కాదు, బాగున్న బ్రేకు లైన్లో ఇంకో రెండు కారే జాయింట్లు. ఎయిర్‌బ్యాగ్ కూడా అంతే, బయట బిగించేది కాదు.

మీ ఆవిడ మాటకి వస్తా. ఆమె కారులో 80 దాటితే టింగుమనేది, బెల్టు పెట్టకపోతే గోల చేసేది, రివర్స్‌లో కూసేది, ఇవన్నీ 2019 జులై నుంచి తయారయ్యే కార్లకి తప్పనిసరి చేసినవి, ఏబీఎస్ ఆ ఏడాది ఏప్రిల్ నుంచే. నీ బండి అంతకన్నా 17 ఏళ్ళ ముందుది. బీపులు లేకపోతే జాగ్రత్తగా ఉండి సరిపెట్టుకోవచ్చు, కానీ గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగ్ లేనిదానికి నీ జాగ్రత్త సరిపోదు, ఎదుటోడు తప్పు చేసినా దెబ్బ మీకే. ఆమె ఎక్కననడం చాదస్తం కాదు, ఆ సంగతిలో ఆమెదే కరెక్టు. పాత బండి డ్రైవర్ని నిద్రపోనివ్వదు, ఇదే అసలైన డ్రైవింగు అని కొంతమంది పాత కార్ల పిచ్చోళ్ళు చెప్తారు, ఆ డైలాగు ఇంట్లో కొట్టకు. చీకటి పడ్డాక 16వ నంబరు హైవే మీదకి ఈ బండిలో ఆమెని తీసుకుపోను అని నువ్వే ముందు చెప్పు, ఆదివారం పొద్దున్నే తుమ్మలపెంట బీచికి, ఊరి రోడ్డులో, యాభై మీద పోదాం రా అని అడుగు. అప్పటికీ రానంటే వదిలెయ్. రెండో సీటు ఖాళీగా ఉంటే బండికేం నష్టం లేదు.

నువ్వొక్కడివే పోయినా కొన్ని ఉండాయి. ఏబీఎస్ లేని బండిలో తడి రోడ్డు మీద బ్రేకు గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుంటాయి, బిగుసుకున్న ముందు చక్రాలకి స్టీరింగ్ పనిచేయదు, నువ్వు పక్కకి తిప్పినా తిన్నగా పోయి ఎదురుగా అడ్డమొచ్చిన గేదెనే గుద్దుద్ది. అప్పుడు చేయాల్సింది మనసుకి ఎదురు పని, పెడల్ రవ్వంత వదలాలి, చక్రం తిరగంగానే మళ్ళీ తొక్కాలి. ఇది చదివితే రాదు. మన వైపు వెంచర్లు వేసి రోడ్లు పరిచి ఇళ్ళు కట్టని లేఅవుట్లకి కొదవా, వాన పడ్డ పొద్దున ఎవరూ లేని రోడ్డు చూసుకుని నలభై మీద పదేపదే బిగబట్టి వదిలి చూడు, కాలికే అలవాటవ్వాలి.

హైవే మీద నీకున్న ఇంకో ఇబ్బంది ఎత్తు. కృష్ణపట్నం పోర్టు లారీ డ్రైవరు అంత పైన కూర్చుంటాడు, నీ బండి అతని డోరు పక్కన ఉంటే నువ్వు లేనట్టే. అతని అద్దంలో అతని మొహం నీకు కనపడకపోతే నువ్వు అతనికి కనపడవు, లారీ పక్కన సమంగా పోతా ఉండొద్దు, హారన్ కొట్టి దాటేయ్, లేదా వెనకే ఉండు. వెనక లైట్లు వెలుగుతా ఉండాయో లేదో చెప్పే బల్బు వార్నింగ్ నీకు లేదు కాబట్టి రాత్రి బయల్దేరే ముందు బండి వెనక గోడకి దగ్గరగా పెట్టి బ్రేకు తొక్కి చూడు, ఎర్ర వెలుతురు గోడ మీద రెండు పక్కలా ఒకేలా పడాలి. ఫైబర్ బండిలో ఇది ఒక్కరోజు కూడా మానకూడదు, ఎందుకో ఎర్తు గురించి చెప్పినప్పుడే అర్థమై ఉంటది.

వరి కోతలప్పుడు రోడ్ల మీద వడ్లు, గడ్డి ఆరబోస్తారు కదా, పెద్ద కార్లు దాని మీదగా పోతాయి, నీది నేలకి అంత దగ్గర, గడ్డి సైలెన్సర్‌కి చుట్టుకుంటే అంటుకుంటది. చుట్టు తిరిగి పో, లేకపోతే దాటాక ఆపి కింద చూడు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో నెల్లూరు పోతే మాగుంట లేఅవుట్, రామలింగాపురం అండర్ బ్రిడ్జీల్లో నీళ్ళు నిలబడతాయి, ఆటో పోయింది కదా అని నువ్వు దిగొద్దు. గాలి పీల్చే గొట్టంలోకి నీళ్ళు పోతే పిస్టన్ నీళ్ళని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుద్ది, ఒక్క సెకను పని, ఇంజన్ మొత్తం పోయినట్టే. కొరిసపాడు కాడ హైవే మీద విమానాల కోసం వేసిన రన్‌వే ముక్క సంగతి నీకూ తెలిసే ఉంటది, స్పోర్ట్స్ కారు కొన్న ప్రతి కుర్రోడూ అక్కడ ఎంత పోతుందో చూడాలనుకుంటాడు. పదేళ్ళ నాటి టైర్లతో, తేమ పట్టిన బ్రేకు ఆయిల్‌తో చూడొద్దు. కొత్తవి వేశాక కూడా చూడొద్దు, అది జనం తిరిగే రోడ్డు.

ఇంక నాయన అమ్మేయమంటున్న మాట. ఇప్పుడు అమ్మితే ముల్లు అబద్ధం చెప్పే బండిగా అమ్ముతావు, రేటు రాదు, కొన్నవాడికీ అదే తలనొప్పి. ఎర్తు, బెల్టు, పైపులు, బ్రేకు ఆయిల్, టైర్లు, ఈ ఐదూ చేయించి అప్పుడు ఆలోచించు, ఈ ఖర్చు ఇప్పుడు నీకు భారమైతే మాత్రం నాయన మాట వినడమే మంచిది, ఎందుకంటే ఈ ఐదు చేయించకుండా నడిపే బండి కాదు ఇది. కాగితాలు కూడా చూసుకో, తమిళనాడు నంబరు బండి 12 నెలలు దాటి మన రాష్ట్రంలో ఉంచుకుంటే ఇక్కడి నంబరుకి మార్చాలి, అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం), ఇక్కడ లైఫ్ ట్యాక్స్. 2002 బండికి మొదటి 15 ఏళ్ళ రిజిస్ట్రేషన్ 2017తోనే అయిపోయింది, తర్వాత ఐదేళ్ళకోసారి రెన్యూవల్, ఆర్సీ మీద తేదీ ఎప్పటిదాకా ఉందో ఇయ్యాలే చూడు, అది అయిపోయుంటే ఇన్సూరెన్స్ ఉన్నా క్లెయిమ్ దగ్గర పేచీ పెడతారు.

ఇంజన్ సామాన్లు రెనో పార్టులు తెలిసినోళ్ళ దగ్గర వెతికితే దొరుకుతాయి గానీ బాడీ ముక్కలు కొత్తవి దొరుకుతాయని ఆశ పెట్టుకోకు. బంపర్‌కో డోరు కిందో పగులు ఉంటే మామూలు టింకరింగ్ షెడ్డుకి తీసుకుపోవద్దు, వాళ్ళు రేకుకి పూసినట్టు పుట్టీ పూసి రంగేసి పంపిస్తారు, కొద్దిరోజులకే అదే గీత మీద మళ్ళీ చీలుద్ది. నీకు జువ్వలదిన్నె దగ్గరే, ఆ తీరంలో ఫైబర్ పడవలు బాగుచేసేవాళ్ళని అడుగు. పగులు రెండు చివర్లా చిన్న బెజ్జం వేసి, లోపలి వైపు నుంచి ఫైబర్ మ్యాట్ పరిచి రెజిన్ (ఆరితే గట్టిపడే జిగురు) పట్టించమను, పడవకైనా కారుకైనా పని ఒకటే. పైన రంగు మాత్రం కారు పెయింటర్ దగ్గరే వేయించుకో, లేకపోతే పడవ రంగే వేసి పంపుతారు.